బ్రేకు లేని హెడ్

"ముందు తాళంచెవి. మీ బావ ఆ తర్వాత," అన్నాడు పెద్దాయన.

తొండకి ఒళ్లు మండింది. పెద్దాయన మాటకి ఒళ్లు మండని మనిషి ఆ డిపార్ట్‌మెంట్‌లో ఇంతవరకూ చేరలేదు. ఆయన ఆఫీసు ఒక డ్రైక్లీనింగ్ షాపు మేడమీద ఉంటుంది. కింది నుంచి ఇస్త్రీ ఆవిరి పైకి కొట్టి, టాప్ సీక్రెట్ ఫైళ్లన్నీ అప్పడాల పిండిలా మెత్తబడి ఉంటాయి. తొండ అన్నది అతని కోడ్‌నేమ్. డేగ, చిరుత లాంటి మర్యాదైన పేర్లు సీనియర్లు ముందే పంచేసుకున్నారు. ఇంట్లోవాళ్ల లెక్కలో మాత్రం అతను ఊళ్లు పట్టుకు తిరిగి మెషిన్ స్పేర్ పార్టులు అమ్ముకునే సేల్స్‌మన్.

"ఆ ముందూ వెనకా సంగతి మా అక్కకి మీరే చెప్పండి," అన్నాడు తొండ.

"నువ్వు చేసే ఉద్యోగమేమిటో మీ అక్కకి తెలియదు. తెలియకూడదు. నోరు మూసుకుని విను."

పెద్దాయన ఒక ఫొటో బల్ల మీదికి విసిరాడు. అరచేతిలో పట్టేంత లోహపు పలక, దాని మీద చిక్కుపడినట్టు సన్నటి గాడులు.

"డ్యామ్ కంట్రోల్ రూమ్ తాళంచెవి. ఇది పెడితేనే గేట్లు లేస్తాయి. గాడి లోతులో వెంట్రుక మందం తేడా వచ్చినా తాళం ఒప్పుకోదు. దీని డ్రాయింగ్ దొంగతనం జరిగింది. దీనికి వాడే మిశ్రమ లోహం ముక్క కూడా పోయింది. ఒకే ఒక్క ముక్క. ఇంకోటి సంపాదించడం ఎవడి తరమూ కాదు. రెండూ పండితుడి దగ్గరున్నాయి."

"పండితుడెవరు?"

"విదేశీ ముఠా నాయకుడు. మన భాష పాత పుస్తకాల్లో నేర్చుకున్నాడు. వాడు మాట్లాడుతుంటే నవ్వొస్తుంది. నవ్వకు. నవ్విన మన మనిషి ఇప్పుడు లేడు."

గేట్లన్నీ ఒక్కసారి లేస్తే దిగువనున్న పట్టణాలు మునిగిపోతాయి. ఆ సంగతి పెద్దాయన చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది ఇంకోటుంది, అది చెప్పడానికి ఆయన కాస్త ఇబ్బంది పడ్డాడు.

"పెద్ద సీఎన్‌సీ మెషిన్, అంటే కంప్యూటర్ నడిపే కోత యంత్రం, ఎవడు కొన్నా మన దృష్టిలో పడుతుంది. ఆ సంగతి వాడికీ తెలుసు. అందుకని బల్ల మీద పెట్టుకునే బుల్లి మిల్లింగ్ మెషిన్ కొన్నాడు. చేత్తో చక్రాలు తిప్పి నడిపే రకం. దాన్ని సీఎన్‌సీగా మారుస్తున్నారు. చక్రాలున్నచోట మోటార్లు, పాత స్క్రూల చోట బాల్ స్క్రూలు, పక్కన కంప్యూటర్. ఈ మార్పిడి పనిలో ఈ చుట్టుపక్కల మొనగాడు..."

"మా బావ," అన్నాడు తొండ, చేదు మాత్ర చప్పరించినట్టు మొహం పెట్టి.

బావ ఇంజినీరు. తొండ మొదట్లో ఆయన వర్క్‌షాప్‌లోనే పని నేర్చుకున్నాడు. ఒకరోజు మెషిన్ టేబుల్ మీద స్పానర్ జారవిడిచి గీత పెట్టాడని, బావ పనివాళ్లందరి ముందూ అతన్ని మెడబట్టి గెంటాడు. ఆనాటి నుంచి ఒకరి మొహం ఒకరికి పడదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే మజ్జిగ గ్లాసు అందుకోవడం కూడా ఎడమొహం పెడమొహమే. ఇద్దరి మధ్యా నలిగేది అక్క. బావ కనబడకుండా పోయిన దగ్గర్నుంచి ఆవిడ ఫోన్ చెయ్యని పూట లేదు. "మీ బావని నాకు తెచ్చిపెట్టరా. జన్మలో ఇంకేమీ అడగను నిన్ను," అని ఏడుస్తోంది. ఆ ఏడుపు తొండ చెవిలో తిరుగుతూనే ఉంది. బావ కోసమైతే అతను వీధి చివరిదాకా కూడా నడవడు. అక్క కోసం మాత్రం ఎక్కడికైనా పోతాడు.

"పాత మోటారు వేగం చాలదు," అన్నాడు పెద్దాయన. "ఆవగింజంత కట్టర్ ఆ లోహాన్ని కొయ్యాలంటే నిమిషానికి ఇరవై నాలుగు వేల చుట్లు తిరగాలి. దానికి కట్టర్‌ని తిప్పే కొత్త స్పిండిల్ తెప్పించారు. దాన్ని బిగించే కిరాయి ఫిట్టర్‌ని దారిలో మనవాళ్లు పట్టుకున్నారు. వాణ్ణి ముఠాలో ఎవరూ చూడలేదు. ఈ క్షణం నుంచి ఆ ఫిట్టర్ నువ్వే. ఇదిగో వాడి పెట్టె."

"లోపల మనవాళ్లెవరైనా ఉన్నారా?"

"ఒకామె ఉంది. నెమలి. ఆమె తన మనిషేనని పండితుడు అనుకుంటున్నాడు."

"మనం?"

"మనమూ మన మనిషేనని అనుకుంటున్నాం," అన్నాడు పెద్దాయన కిటికీలోకి చూస్తూ.

తర్వాత ఒక డయల్ గేజ్ చేతిలో పెట్టాడు. గుండ్రటి ముఖం, కింద చిన్న పుల్ల. ఏ ఫిట్టర్ జేబులోనైనా ఉండే కొలత పరికరమే. కాకపోతే దీని పుల్లని పూర్తిగా లోపలికి నొక్కిపట్టుకుంటే బయట కాపు కాసిన కమాండోలకి సిగ్నల్ పోతుంది.

"తొందరపడి నొక్కావో, పండితుడు ముక్క జేబులో వేసుకుని, మీ బావని కాల్చేసి గోడ దూకుతాడు. ముక్క ఎక్కడ దాచాడో ఎవరికీ తెలియదు. అది మెషిన్ మీదికి ఎక్కాకే నీ పని."

తొండ పెట్టె తెరిచాడు. స్పిండిల్, దాని వేగాన్ని నడిపే డ్రైవ్, నీళ్ల పంపు, పైపులు, కట్టర్‌ని బిగించి పట్టే కొలెట్లు. అన్నిటికీ అడుగున గుప్పెడంత నల్లటి డబ్బా. దాన్ని పైకి తీసి పెద్దాయన బల్ల మీద పెట్టాడు.

"ఇది ఇక్కడే ఉండనివ్వండి."

"ఏమిటది?"

"బ్రేకు."

"అక్కర్లేదా?"

"చాలా అవసరం. అందుకే వదిలేసి పోతున్నా," అని పెట్టె మూసి లేచాడు.

*

మూతపడ్డ బొమ్మల ఫ్యాక్టరీ వెనకాల రేకుల షెడ్డు. గోడ పొడుగునా అట్టపెట్టెల్లో కళ్లు అతికించని బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడున్నాయి. తొండ జుట్టుకి తెల్ల రంగేసుకుని, సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకుని, గ్రీజు ఓవరాల్ తొడుక్కుని తలుపు కొట్టాడు. తీసినామె ఆ షెడ్డుకి ఏమాత్రం సంబంధం లేని మనిషి. ఆకుపచ్చ పట్టుచీర, ఎత్తు చెప్పులు, మూడు గదుల అవతలికి కొట్టే సెంటు.

"స్పిండిల్ చల్లబడేది నీళ్లతోనా, గాలితోనా?" అంది.

"నీళ్లతో. గాలిని నమ్మలేం."

"నీళ్లని మాత్రం ఎవరు నమ్మమన్నారు?"

కోడ్ సరిపోయింది. నెమలి పక్కకి తప్పుకుంది. తప్పుకుంటూ అతన్ని పైనుంచి కిందికి ఒక చూపు చూసింది. సంతలో కోడిని కొనేవాళ్లు చూసే చూపది. తొండకి ఆమె అప్పుడే నచ్చలేదు.

లోపల దీపం కింద మిల్లింగ్ మెషిన్ ఉంది. నడుమెత్తు బల్ల మీద బిగించిన చిన్న ఇనుప స్తంభం, దాని మీద కిందికీ పైకీ కదిలే హెడ్. చేతి చక్రాలు విప్పి బల్ల మూల పెట్టారు. వాటి చోట మూడు మోటార్లు, వాటికి ఒక్క వైరు కూడా వేలాడకుండా తీర్చిన కేబుళ్లు. కాలికి గొలుసుతో, ఆ గొలుసు బల్ల కాలికి తాళంతో, బావ గుడ్డ పట్టుకుని టేబుల్ తుడుస్తున్నాడు. ఎత్తుకొచ్చిన దొంగల మెషిన్‌ని సొంత బిడ్డలా తుడుస్తున్నాడు. చూడగానే తొండకి చిర్రెత్తుకొచ్చింది.

బావ తలెత్తాడు. తెల్ల జుట్టూ కళ్లద్దాలూ ఎవరినైనా మోసం చేస్తాయేమో గానీ, మెడబట్టి గెంటినవాడికి ఆ మెడ గుర్తుండదా? మొహం ఎర్రబడింది.

"ఏర..." అని నోరు జారి, వెంటనే సర్దుకుని, "ఏ రకం కొలెట్లు తెచ్చావు?" అన్నాడు.

"మంచి రకమే సార్," అన్నాడు తొండ. బావని సార్ అనాల్సి వచ్చినందుకు నాలుక మీద తుప్పు రుచి తగిలింది.

వెనకనుంచి అడుగుల చప్పుడు. తెల్ల గ్లవ్స్ వేసుకున్న బక్కపలచటి మనిషి వచ్చి నిలబడ్డాడు. చేతిలో మైక్రోమీటర్, నడుముకి పిస్తోలు.

"స్పిండిల్ అమర్చువాడవు నీవేనా? విలంబమేల? కార్యమునకు ఉపక్రమింపుము."

తొండ బుగ్గ లోపల గట్టిగా కొరుక్కుని నవ్వాపుకున్నాడు. పెట్టె విప్పుతుంటే బావ గబగబా లోపలికి చెయ్యి పెట్టి వెతికాడు.

"బ్రేకేది?"

"ఏ బ్రేకు?"

"హెడ్‌ని ఎత్తి దించే మోటారుకి పెట్టే బ్రేకు. బరువైన స్పిండిల్‌తో పాటు అది రావాలని చెప్పాను కదా."

"నా చేతికిచ్చింది ఇంతే."

బావ పండితుడి వైపు తిరిగాడు. "బ్రేకు రాలేదు. అది లేకుండా చెయ్యకూడదు."

"తన్మూలమున కోతకు లోపము కలుగునా?"

అదీ బావతో వచ్చిన చిక్కు. పని గురించి అడిగితే శత్రువుకి కూడా నిజమే చెబుతాడు. "కోతకేం లోపం రాదు. కానీ మధ్యలో ఆపితే..."

"మా కార్యము మధ్యలో ఆగునది కాదు," అని పండితుడు గిర్రున తిరిగి వెళ్లిపోయాడు. నెమలి చీర కుచ్చెళ్లు నూనె మరకలకి తగలకుండా ఎత్తిపట్టుకుని ఆయన వెంట నడిచింది.

తలుపు మూసుకోగానే బావ విరుచుకుపడ్డాడు.

"సిగ్గులేదురా నీకు? స్పేర్ పార్టులు అమ్ముకుంటున్నావని మీ అక్క చెబితే పోనీ ఏదో బతుకుతున్నాడులే అనుకున్నా. ఇదా నీ వ్యాపారం? నన్నెత్తుకొచ్చిన వెధవల దగ్గర జీతానికి చేరావా?"

"మెల్లగా మాట్లాడు బావా. నేను వీళ్ల మనిషిని కాదు. గవర్నమెంటు గూఢచారిని. నిన్ను తీసుకుపోవడానికొచ్చాను."

"నువ్వు గూఢచారివి. మరి నేను మహారాజునిరా."

"అక్క మీద ఒట్టు."

"దాని పేరెత్తకు నువ్వు. దాని మొహం చూసే నీ వేషం సంగతి వాడికి చెప్పకుండా ఊరుకున్నా. లేకపోతే..." బావ మిగతాది మింగేసి బ్రేకు మీదికి మళ్లాడు. కోపమొచ్చినప్పుడు ఆయనకి ఇనుమే ఊరట. "బ్రేకు లేకుండా వస్తావా? పాత స్క్రూ అయితే దాని బిగువుకి హెడ్ ఉన్నచోటే ఉంటుంది. ఇది బాల్ స్క్రూ. నున్నగా జారిపోతుంది. కరెంటున్నంతసేపూ మోటారు పట్టుకునుంటుంది. ఆ ఎర్ర బటన్ నొక్కావా, మొత్తం కరెంటు పోతుంది. నీ స్పిండిల్ బరువుకి హెడ్ బండరాయిలా కిందపడుతుంది. కింద ఏదుంటే అది నుజ్జు. ఆ మాత్రం తెలియదా నీకు?"

"తెలుసు. నీ దగ్గరే నేర్చుకున్నా."

బావ చేతిలోని గుడ్డ బల్ల మీద పడేశాడు.

"అసలు ముక్క బిగించి, కోత చివరికొచ్చాక ఆ బటన్ నేను నొక్కుతా," అన్నాడు తొండ. "తాళంచెవి పోతుంది. ఇంకో ముక్క వాళ్ల దగ్గర లేదు. వెంటనే మావాళ్లు లోపలికొస్తారు. లేకపోతే డ్యామ్ కింది ఊళ్లు మునిగిపోతాయి, ఇంట్లో అక్క ఏడుస్తూనే ఉంటుంది."

"నా మెషిన్‌ని పడగొడతావా?"

"నీ మెషిన్ కాదు బావా. దొంగల మెషిన్."

"ఎవడిదైతేనేంరా? చేసింది నేను. ఆ స్తంభం చూడు, ఎంత నిటారుగా నిలబెట్టానో. ముందు నన్ను చంపి తర్వాత నొక్కు బటన్."

తొండకి ఆ స్పానర్ మళ్లీ టేబుల్ మీద పడేయాలన్నంత కసి పుట్టింది. ఊళ్లు మునిగిపోతాయన్నా, అక్క ఏడుస్తోందన్నా కదలని మనిషి స్తంభం వంకర పోతుందంటే ప్రాణమిస్తానంటున్నాడు. ఇలాంటివాణ్ణి అక్క ఎలా భరిస్తోందో ఆవిడకే తెలియాలి.

*

పని మొదలైంది. పాత మోటారు విప్పి పక్కన పెట్టారు. కొత్త స్పిండిల్‌ని ఇద్దరూ ఎత్తి హెడ్‌కి బిగించారు. ఎత్తేటప్పుడు కూడా తిట్టుకుంటూనే ఎత్తారు. తొండ బల్ల కింద బకెట్‌లో నీళ్లు పోసి పంపు దించి, పైపులు స్పిండిల్‌కి కలిపాడు. డ్రైవ్ ఆన్ చెయ్యగానే సన్నటి ఈల లేచింది. వెంటనే టేబుల్ దానంతటది టక్కున ఆగిపోయింది.

"నీ డ్రైవ్ కేబుల్ టేబుల్ అంచు దాటకుండా ఆపే నా లిమిట్ స్విచ్ వైర్ల పక్కనుంచి లాగావు," అన్నాడు బావ పళ్లు నూరుతూ. "దాని గోలకి స్విచ్ నొక్కుకుందని కంప్యూటర్ భ్రమపడుతోంది. తీసి అవతలనుంచి వెయ్యి. షీల్డ్‌ని ఒక్క చివరే ఎర్త్ చెయ్యి. పాతికేళ్లొచ్చినా నేర్పాలా?"

"నలభై దాటాయి బావా నాకు."

"అయితే ఇంకా సిగ్గుచేటు."

తొండ కేబుల్ తీసి అవతలనుంచి లాగాడు. ఈసారి టేబుల్ ఆగలేదు. ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ మెషిన్ చూడముచ్చటగా కదిలింది. ఎడమకీ కుడికీ, ముందుకీ వెనక్కీ, వెన్నలో కత్తి దిగినంత మెత్తగా.

ట్రయల్ కోసం మామూలు ఉక్కు ముక్క మీద తాళంచెవి కోశారు. పండితుడొచ్చి మైక్రోమీటర్‌తో గాడి గాడీ కొలిచాడు. పెదాల చివర చిన్న నవ్వు పుట్టింది.

"నిర్దుష్టము. ఇక అసలు లోహము తెచ్చెదను."

తొండ ఊపిరి పీల్చుకున్నాడు. ముక్క బయటికొస్తే అతని పని అయినట్టే. అంతలో బావ భూతద్దం తీసి ఆ ముక్కని తిప్పి చూశాడు.

"లేదండీ. ఇది బాగాలేదు," అన్నాడు.

"ఏమి?"

"లోపలి మూల దగ్గర అంచు గరుకుగా ఉంది. మీ కొలతకి అందదు. వేగం తగ్గించి మళ్లీ కోస్తాను. ఇలాంటిది నా చేతినుంచి బయటికి పోకూడదు."

పండితుడు ముక్కని దీపానికి దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత బావకి తల వంచి నమస్కారం లాంటిదేదో చేశాడు. "నీ సత్యనిష్ఠకు సంతసించితిని," అన్నాడు. తొండ అవతలికి తిరిగి, బొమ్మల పెట్టెలున్న గోడకి నుదురు ఆనించాడు. దొంగ బాగుందని ఒప్పుకున్న దొంగ తాళంచెవిని బందీ తిరగ్గొట్టడం అతని సర్వీసులో ఎన్నడూ చూడలేదు.

రెండో ట్రయల్ ముక్కకి వంక పెట్టడం బావ వల్ల కూడా కాలేదు.

*

మర్నాడు పొద్దెక్కాక పండితుడు కోటు లోపలి జేబులోంచి వెల్వెట్ గుడ్డ తీశాడు. బూడిద రంగు లోహం ముక్క. ముఠా ప్రాణం, దిగువ పట్టణాల ప్రాణం ఆ అగ్గిపెట్టెంత ముక్కలోనే ఉన్నాయి. బావ దాన్ని వైస్‌లో బిగించి, నాలుగు వైపులా తట్టి చూసి, కంప్యూటర్ మీద స్టార్ట్ నొక్కాడు. స్పిండిల్ ఈల వేస్తూ దిగింది. సన్నటి రజను లేచింది.

పండితుడు స్క్రీన్ మీద పరుగెడుతున్న వరసలు చూస్తున్నాడు. ఎర్ర బటన్ ఆయన మోచేతి పక్కనే ఉంది. గాడులు ఒక్కొక్కటే తెగుతున్నాయి. ఆఖరి గాడి మొదలైంది. తొండ నీళ్ల పైపు సరిచేస్తున్నవాడిలా ఒక అడుగు ముందుకేశాడు. ఇంకో అడుగు. ఒక చెయ్యి జేబులో డయల్ గేజ్ మీద ఉంది, రెండోది బటన్‌కి జానెడు దూరంలో ఉంది.

పక్కటెముకల్లో చల్లగా ఏదో గుచ్చుకుంది.

"అక్కడే ఆగు తొండా," అంది నెమలి. ఆమె చేతిలో పిస్తోలు ముచ్చటగా, అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. రెండో చేత్తో అతని జేబులోంచి గేజ్ లాక్కుంది. "పండిత్ గారూ, ఇతన్ని మెషిన్ దగ్గరికి రానివ్వకండి. ఇతను ఫిట్టర్ కాదు. గవర్నమెంటు మనిషి. మీ ఇంజినీరుకి స్వయానా బావమరిది. వాళ్ల పెద్దాయనే నాకు చెప్పాడు."

మేడమీద ఆవిరిలో కూర్చున్న ఆ ముసలాయన్ని తొండ మనసులో తిట్టని తిట్టు లేదు.

"చారుడా!" పండితుడు పిస్తోలు తీశాడు. "కోత ముగిసిన పిదప నిన్నును నీ బావనును ఒక్కమారే పంపెదను. కదిలితివా, ఇప్పుడే."

తొండ బావ వైపు చూశాడు. బావ అతని వైపే చూస్తున్నాడు. చూపు ఎప్పటిలా లేదు. శత్రువు నోటినుంచి వచ్చాక గానీ బావమరిది మాట ఆయన చెవికెక్కలేదు. ఈ చేతకాని వెధవ ఒట్టేసి చెప్పింది నిజమే. తన కోసం, అక్క కోసం, ఇంత దూరం వచ్చి పిస్తోలు ముందు నిలబడ్డాడు.

తర్వాత మెషిన్ వైపు చూశాడు. స్పిండిల్ మూల తిరుగుతోంది. ప్రతి ట్రయల్‌లోనూ తిరిగినట్టే, ఈల కాస్త బొంగురుపోయింది. లోహం ఎక్కువ తగిలేచోట ఆ చప్పుడు సహజం. అందులో తప్పేమీ లేదు. తప్పేమీ లేదని ఆ షెడ్డులో అందరికంటే బాగా తెలిసినవాడు బావ.

"ఆపండి," అన్నాడు బావ.

పండితుడు తల తిప్పాడు. "ఏమంటివి?"

"కొలెట్‌లో కట్టర్ వదులైంది. చప్పుడు వినబడటం లేదా? ఇంకో క్షణం పోతే లోతుకి దిగి ముక్క పాడైపోతుంది. ఆ ఎర్ర బటన్ నొక్కండి." బావ గొంతు నిజంగానే వణికింది. ఆ వణుకు దేనికో తొండకి ఒక్కడికే తెలుసు.

తొండ అందుకున్నాడు. "వద్దు, నొక్కకండి. బాగానే ఉంది. ఆయన మాట వినకండి."

పండితుడు ఒకరి తర్వాత ఒకర్ని చూశాడు. ఒకడు గూఢచారి, కోతని చెడగొట్టడానికే వచ్చినవాడు, వాడు ఆపొద్దంటున్నాడు. ఇంకొకడు, తాను మెచ్చిన ముక్కని కూడా గరుకుందని తిరగ్గొట్టినవాడు, ఆపమంటున్నాడు. పుస్తకాలు చదివిన బుర్రకి తేల్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఎర్ర బటన్ మీద తెల్ల గ్లవ్ ధబీమని పడింది.

కరెంటు పోయింది. దీపం ఆరింది. హెడ్‌ని పట్టుకున్న మోటారు దాన్ని వదిలేసింది. అంత బరువూ ఒక్కసారిగా కిందికి జారి, ఇంకా గిర్రున తిరుగుతున్న స్పిండిల్ ముక్కు నేరుగా తాళంచెవి మీద దిగింది. కట్టర్ తునిగింది. కట్టర్‌ని పట్టుకున్న కొలెట్ నట్టు లోహాన్ని దున్నుకుంటూ వైస్‌లోకి దిగబడి, కీచుమని అరిచి ఆగింది. కిటికీ వెలుగులో చూస్తే తాళంచెవి ఉన్నచోట నమిలి ఉమ్మినట్టు ఒక ముద్ద ఉంది.

బావ కళ్లు మూసుకున్నాడు. చావు కబురు విన్నవాడిలా ఉంది ఆయన మొహం.

"ద్రోహి!" అని పండితుడు పిస్తోలు బావ వైపు తిప్పాడు. తొండ పక్కటెముకల్లో గుచ్చుకుంటున్న దాన్ని లెక్కచెయ్యకుండా వంగి, బల్ల కింది బకెట్ ఎత్తి నీళ్లన్నీ పండితుడి మొహాన కొట్టాడు. పేలిన గుండు రేకుల కప్పులోంచి పోయింది. ఆయన కళ్లు తుడుచుకునేలోపు బావ బల్ల మూలనున్న చేతి చక్రం అందుకుని, గొలుసు సాగినంత మేర సాగి, మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. పిస్తోలు బొమ్మల పెట్టెలో పడింది. తొండ మిగతా పని పిడికిళ్లతో పూర్తిచేశాడు. రెండు గుద్దులు దేశం కోసం గుద్దాడు, మూడోది ఆ భాష విని నిన్నట్నుంచీ నవ్వాపుకున్నందుకు.

అప్పుడు గుర్తొచ్చింది. నెమలి ఎందుకు కాల్చలేదు?

ఆమె తలుపు దగ్గర నిలబడి, డయల్ గేజ్ పుల్లని బొటనవేలితో తీరిగ్గా నొక్కిపట్టుకునుంది. పిస్తోలు ఇప్పుడు పండితుడి వైపు తిరిగుంది.

"సిగ్నల్ పంపేశాను," అంది. "మీ పెద్దాయనతో చెప్పు, ఆపరేషన్ నా చేతుల మీదుగా బాగా జరిగిందని."

"నువ్వసలు ఎవరి మనిషివి?"

"ఆ సంగతి నాకూ చివర్లోనే తెలుస్తుంది," అంది నెమలి. అప్పటికే బయట బూట్ల చప్పుడు, తలుపు విరిగిన చప్పుడు కలిసిపోయాయి.

*

గొలుసు తెంచాక కూడా బావ మెషిన్ దగ్గర్నుంచి కదల్లేదు. వంగిపోయిన స్పిండిల్‌ని, పగిలిన వైస్‌ని చేత్తో తడిమి చూస్తూ నిలబడ్డాడు. కారెక్కించడానికి ఇద్దరు కమాండోలు కావాల్సి వచ్చింది. ముందు సీట్లోంచి పెద్దాయన రూల్సు చదివి వినిపించాడు. పోలీసులు వెతికి విడిపించారని ఆవిడతో చెప్పాలి. అక్కడ బావమరిది లేడు. ఇప్పుడే కాదు, ఎప్పటికీ లేడు.

"పెళ్లాంతో నేను అబద్ధమాడను," అన్నాడు బావ.

"ఆడకపోతే ఇతని ప్రాణానికి ముప్పు," అన్నాడు పెద్దాయన. బావ కిటికీలోంచి చూశాడు. తొండ అవతలి కిటికీలోంచి చూశాడు. వీధి మొదట్లో అతను దిగి, జుట్టు రంగు కడుక్కుని, కబురు విని వచ్చినవాడిలా వెనకాల నడిచొచ్చాడు.

పోలీసులు విడిపించి తెస్తున్నారని కబురందిన అక్క గుమ్మంలోనే ఉంది. బావని చూసి, ఆయన చొక్కా రెండు చేతులా పట్టుకుని భుజం మీద తల వాల్చి ఏడ్చింది. ఏడిచి, ముక్కు చీది, అప్పుడు వెనకాల నిలబడ్డ తమ్ముణ్ణి చూసింది. ఇన్నాళ్ల దుఃఖమంతా కోపంగా మారి వాడి మీదికి తిరిగింది.

"ఎక్కడ చచ్చావురా ఇన్నాళ్లూ? ఎన్నిసార్లు ఫోన్ చేశాను? మీ బావని తెచ్చిపెట్టమని కాళ్లావేళ్లా పడ్డాను. పరాయివాళ్లు, ఆ పోలీసులు వెతికి తెచ్చారు. సొంత తమ్ముడివి, నీకు తీరిక లేదు. నీ స్పేర్ పార్టులు ముఖ్యమైపోయాయి. ఆయనకేమైనా అయ్యుంటే జన్మలో నీ మొహం చూసేదాన్నా?"

తొండ తల దించుకుని నిలబడ్డాడు. గుండు కంటే ఆ మాటలు లోతుగా దిగాయి. చెప్పడానికి నాలుక చివరిదాకా వచ్చింది, చెప్పకూడదు. తప్పంతా తనదేనన్నట్టు చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

బావ అక్క భుజం మీద చెయ్యేసి లోపలికి నడిపిస్తూ, గుమ్మం దాటేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి బావమరిది కళ్లలోకి చూశాడు. గెంటేసిన రోజు తర్వాత ఆ గుమ్మంలో అలా తిన్నగా చూడటం అదే మొదలు.

"పోనీలే, వాణ్ణేమీ అనకు," అన్నాడు. "వీడొచ్చుంటే మాత్రం ఏం పీకేవాడు?"

ఆ రోజుకి బావ ఆడిన రెండో అబద్ధం అది. చూడబోతే అలవాటయ్యేట్టుంది.